ముల్లు కింద చెరిగిన మాట

పెరట్లో లక్ష్మి చింతపండు పిసికి ఇత్తడి బిందెలకు రాస్తుంటే ఆ పుల్లటి వాసన వంటింట్లోకి వస్తుంది. ఆ వాసన తగిలితే చాలు, చేతిలో ఏ పని ఉన్నా వదిలేసి నేను కేక పెడతాను: "కిటికీలో ఉన్న గేజీ ముట్టకు!" లక్ష్మి మా ఇంట్లో పనికి వచ్చి ఆరేళ్లయింది. ఈ కేక ఆమెకు అలవాటే. "ముట్టనమ్మా, ఎన్నిసార్లు చెప్తవ్" అని నవ్వుతుంది. ఒత్తిడి కొలిచే ఆ గేజీ టీ సాసరంత ఉంటుంది. చుట్టూ ఇత్తడి అంచు, లోపల వెండి రంగు ముఖం, సున్నా నుంచి వంద దాకా చెక్కిన అంకెలు, ఒక నల్లటి ముల్లు, నలభై ఐదు దగ్గర వెలిసిపోయిన ఎర్ర గీత. ముల్లు కింద మాత్రం బొటనవేలంత జాగా నున్నగా, బోసిగా ఉంటుంది. ఒకప్పుడు అక్కడ ఒక మాట రాసి ఉండేది. దాన్ని చెరిపేసింది నేనే. చెరిపేసిన తర్వాత ఇంకా పెద్ద తప్పు చేయబోతుంటే ఆపిన మనిషి సామేలు కాక.

నేను జహీరాబాద్ దవాఖానకు నర్సుగా వచ్చేనాటికి నాకు ఇరవై మూడేళ్లు. డెబ్బైల చివరి రోజులు. మాది కోహీర్ దగ్గర సేద్యం చేసుకునే ఇల్లు. సిటీలో ట్రైనింగు పూర్తి చేసి, సర్టిఫికెట్‌కు అద్దం కట్టించుకుని మరీ వచ్చాను. మా ఇంట్లో అంతకుముందు అద్దం కట్టించుకున్నవి దేవుడి పటాలే. దాన్నిబట్టి నా తల ఎంత ఎత్తున ఉండేదో మీరే ఊహించుకోండి. ఆ దవాఖాన దాతల దయ మీద నడిచే చిన్నది. ఒక డాక్టరమ్మ, ఒక కాంపౌండరు, నేను, ఒక జీపు. వారానికి మూడు రోజులు ఆ జీపు మందుల పెట్టె వేసుకుని న్యాల్‌కల్, మొగుడంపల్లి వైపు ఊళ్లకు పోయేది. బస్సు మొహం చూడని ఊళ్లవి. మేం పోకపోతే సూది మందు లేదు, గర్భిణులను చూసే దిక్కు లేదు.

జీపు నడిపేది సామేలు కాక. అప్పటికే యాభై దాటాయి. పత్తి జిన్నింగు మిల్లులో ఇరవై ఏళ్లు బాయిలర్ దగ్గర పనిచేసి, మిల్లు మూతపడ్డాక స్టీరింగు పట్టుకున్నాడు. చర్చిలో ఆయనొక పెద్ద. ఆదివారం తెల్ల చొక్కా, మిగతా ఆరు రోజులూ ఒకటే ఖాకీ. ఆయనకొక అలవాటుండేది. ఏ గడియారం కనిపించినా, ఏ మీటరు కనిపించినా గోటితో రెండుసార్లు టక్‌టక్‌మని తట్టి, ముల్లు కదలకుండా నిలబడిందా అని చూసి, ఆ తర్వాతే నమ్మేవాడు. బాయిలర్ దగ్గర ముల్లు ఇరుక్కుపోయి అబద్ధం చెబితే మనిషి ప్రాణమే పోతుందట. మా గోడ గడియారం కూడా ఆయన తట్టుడుకు నోచుకోని రోజు లేదు.

మొదటి నెలలోనే ఆయన మీద నాకు కోపం వచ్చింది. న్యాల్‌కల్ దగ్గర ఒక ఊళ్లో పిల్లవాడి నుదుటి మీద చెయ్యి పెట్టి, "జ్వరం తగ్గింది, పోదాం" అన్నాను. ఎండ దిగకముందే ఇంకో ఊరు చూడాలి. కాక జీపు ఎక్కలేదు. నా వైపు చూసి, "చూసినవా, అనుకుంటున్నవా?" అని అడిగాడు. డ్రైవరు నన్ను అడగడమేమిటి! అద్దం కట్టించిన సర్టిఫికెట్ గుర్తొచ్చి ఒళ్లు మండింది. ఆయనకు బుద్ధి చెబుదామనే థర్మామీటరు తీసి పిల్లవాడి చంకలో పెట్టాను. నూట రెండు చూపింది. కాక ఒక్క మాట అనలేదు. బానెట్ మీద చేతులు కట్టుకుని, నేను మందు కలిపి తాగించేదాకా ఎదురుచూశాడు. ఏదో ఒకటి అనుంటే నేనూ ఎదురు చెప్పి తేలికపడేదాన్ని. ఏమీ అనకపోవడమే నన్ను కాల్చింది.

ఆ ఎండాకాలమే జీపు ఇంజను పట్టేసింది. ఆయిల్ ఒత్తిడి చూపే మీటరు అంతకు నెల ముందే చచ్చిపోయింది. కొత్తది పంపమని సిటీకి రాసిన ఉత్తరాలకు జవాబు లేదు. ఒకరోజు దారిలో ఆయిల్ కారిపోతున్న సంగతి తెలియనే లేదు. ఇంజను గర్రుమని ఆగింది. ఎద్దులబండికి కట్టి లాక్కొచ్చాం. బాగు చేయడానికి నెల పట్టింది, ఆ నెలంతా ఊళ్లకు పోలేదు. అది బాగయ్యే సమయానికి దాతల నుంచి డాక్టరమ్మకు ఉత్తరం వచ్చింది. ఇంకోసారి ఇంజను పోతే జీపు అమ్మేయాలి, ఊళ్లు తిరగడం ఆపేయాలి. డాక్టరమ్మ ఆ ఉత్తరం మా ఇద్దరికీ చదివి వినిపించింది.

"సోమవారం నుంచి బయల్దేరాలి సామేలూ" అంది.

"మీటరు లేకుంట నడువనమ్మా" అన్నాడు కాక. "ఇంజన్ల ఆయిలంటే మనిషి ఒంట్ల రక్తం లెక్క. పంపు కొడ్తనే అన్ని దిక్కులకు పోతది. ఒత్తిడి తగ్గితే ఎండి పట్టేస్తది. కండ్లు మూస్కొని నడువుమంటే నాతోని కాదు." ఆ పోలిక విన్నాక నాకు జీపు మీద మొదటిసారి ప్రేమ పుట్టింది. అంతదాకా అది నా నడుం విరిచే ఇనుప పెట్టె మాత్రమే.

శుక్రవారం కాక పాత సామాన్ల దుకాణంలో సగం రోజు వెతికి ఈ గేజీ పట్టుకొచ్చాడు. మిల్లు సామానుతో వచ్చిందని దుకాణం ఆయన అన్నాడట. ఏ మిల్లో, ఏ యంత్రానిదో ఎవరికీ తెలియదు. పైన అద్దం పగిలి ఉంది. మురికి పట్టిన ముఖం మీద అంకెలు కనిపిస్తున్నాయి కానీ, ముల్లు కింద ఉన్న చిన్న అక్షరాలు మసకగా ఉన్నాయి. శనివారం పొద్దున ఆయన అద్దం ఊడదీసి, కొత్తది కోయించుకొస్తానని బయల్దేరుతూ గేజీ నా బల్ల మీద పెట్టాడు.

"జర భద్రం బిడ్డా. ఆ అంకెలు ఏం లెక్కనో, ఆ రాతల్నే అసలు సంగతున్నది. నేనొచ్చి మెత్తటి బట్టతోని మెల్లగ తుడిచి చదువుత."

మా దవాఖానలో శనివారం ఇత్తడి తోమే రోజు. సూదులు మరిగించే స్టవ్వు, ట్రేలు, నీళ్ల కూజా అన్నీ నేను చింతపండు, బూడిద వేసి తోమితే డాక్టరమ్మ అందులో మొహం చూసుకునేది. చెప్పిన దానికంటే నాలుగు పనులు ఎక్కువ చేసి మెప్పు పొందడం నాకు చిన్నప్పటి నుంచి ఉన్న రోగం. గేజీ అంచు ఇత్తడే కదా అని మొదలుపెట్టాను. అంచు తళతళలాడింది. చెయ్యి ఆగలేదు. లోపలి ముఖం కూడా రుద్దేశాను. చెక్కిన అంకెలు నల్లగా, చక్కగా తేలాయి. నీళ్లు పోసి కడిగి ఎండలో పెడితే గేజీ కొత్త పెళ్లికూతురిలా ఉంది. ముల్లు కింద మాత్రం ఏమీ లేదు. అక్కడి అక్షరాలు చెక్కినవి కావు, రంగుతో రాసినవి. అవి చింతపండు నీళ్లతో కలిసి తూములో పోయాయి.

కాక అద్దం పట్టుకుని వచ్చాడు. గేజీ తీసుకుని వెలుతురుకు తిప్పాడు. ఆయన వేలు ఆ బోసి జాగా మీద ఆగింది.

"రాత ఏది బిడ్డా?"

ఆయన భద్రమని చెప్పినదాన్నే పాడు చేశాను. ఆ ఒక్క క్షణంలో నాకు దొరికిన తెలివి ఇదీ: "మురికితోటి పోయింది కాకా. నేను చదివిన. పౌండ్లు అని ఉండె." మిల్లులో ఒత్తిడి కొలిచేది పౌండ్లలోనే అయి ఉంటుందని నా లెక్క. నిజానికి నేను ఒక్క అక్షరం కూడా చదవలేదు.

కాక గేజీ బల్ల మీద పెట్టాడు. కోపం లేదు. న్యాల్‌కల్ దగ్గర అడిగిన గొంతుతోనే అడిగాడు: "చూసినవా, అనుకుంటున్నవా?"

బయట కాంపౌండరు సీసాలు కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. 'చూసిన' అంటే అయిపోతుంది. ఆయన నమ్ముతాడు, సోమవారం జీపు కదులుతుంది, నా పరువు నిలబడుతుంది. ఆయన తొందరపెట్టలేదు. ముల్లు నిలబడేదాకా ఆగినట్టు నా కోసం ఆగాడు. చివరికి, "అనుకుంటున్న కాకా. నేను చదువలేదు. రుద్దితే పోయింది" అన్నాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను.

"మంచిగైంది" అన్నాడు. నేను వెక్కిళ్లు ఆపి చూశాను. "అనుకుంటున్నవని ఒప్పుకున్నవు సూడు, గిప్పుడు పని షురువైతది. రాత పోయింది గని గేజీ పోలేదు కద. ముల్లుకు ఎరుకే తను ఏం కొలుస్తదో. దాన్నే అడుగుదాం."

ఎలా అడగాలన్నదే కష్టం. మిల్లులో ఉండగా ఏడాదికోసారి ఇన్‌స్పెక్టరు బరువులు వేసే పరికరం తెచ్చి గేజీలు సరిచూసేవాడట. అది ఇక్కడ ఎక్కడిది? సిటీకి పంపితే రెండు వారాలు. కాక గడ్డం గోక్కుంటూ తనలో తాను అనుకుంటున్నాడు: "పాదరసం ముప్పై అంగుళాలు నిలవడితే పదిహేను పౌండ్లు. అదే నీళ్లయితే ముప్పై నాలుగు అడుగులు. ఇన్‌స్పెక్టరు నోటికి పట్టిచ్చిండు. గని పాదరసం యాడికెల్లి తేవాలె?"

నా కళ్లు గోడ వారగా ఉన్న పెట్టె మీద పడ్డాయి. రక్తపోటు చూసే యంత్రం. గాజు గొట్టంలో నిలువునా పాదరసం.

"కాకా, నా దగ్గరున్నది" అన్నాను.

ఆయన ఆ పెట్టెను చూశాడు, నన్ను చూశాడు. ఆయన ముఖం మీద అంత పెద్ద నవ్వు నేను అదే మొదటిసారి చూడటం. పనికిరాని స్టెతస్కోపు నుంచి రెండు కొమ్మల గొట్టం కోశాను. ఒక కొమ్మ గేజీకి, ఇంకొకటి పాదరసానికి. గేజీ మూతి లావుగా ఉంటే రబ్బరు తొడిగి, దారంతో బిగించి కట్టాం. నేను లెక్క వేశాను. ముప్పై అంగుళాలంటే ఏడువందల అరవై మిల్లీమీటర్లు. మా గొట్టం మూడువందల దాకే ఉంది కాబట్టి అందులో మూడో వంతు, అంటే రెండువందల యాభై మూడు దాకా ఎక్కిస్తే చాలు. గేజీ పౌండ్లదైతే ముల్లు ఐదు దగ్గర ఆగాలి. నీటి అడుగులదైతే పదకొండు దాటాలి.

బల్బు పిండాను. పాదరసం ఎక్కింది. కాక గేజీని గోటితో రెండుసార్లు తట్టాడు. ముల్లు ఐదు దాటింది, పది దాటింది, పదకొండు దాటి నిలబడింది. గాలి వదిలి మళ్లీ చేశాం. మళ్లీ పదకొండే. మూడోసారి కూడా అంతే.

"అడుగులు" అన్నాడు కాక మెల్లగా. "ఇది బాయిలర్‌ది కాదు బిడ్డా. నీళ్ల పంపు మీద కూసున్నది. ట్యాంకుల నీళ్లు ఎన్ని అడుగులు ఎక్కినయో చెప్పేది."

అప్పుడే డాక్టరమ్మ లోపలికి వచ్చింది. దవాఖాన మొత్తానికి ఉన్న ఒకే ఒక్క రక్తపోటు యంత్రాన్ని మేం ఒక ఇత్తడి ముక్కకు కట్టేసి ఉండటం చూసి ఆమె నోరు తెరిచి మూయలేదు. "ఏమిటిది సులోచనా?" అంది. కాక చెప్పబోయాడు. నేనే ముందుకు జరిగి, చెరిపేసిన సంగతి, అబద్ధం చెప్పిన సంగతి, లెక్క తేలిన సంగతి వరసగా చెప్పేశాను. ఇందాక ఒకసారి చెప్పి ఉన్నాను కదా, రెండోసారి అంత కష్టం కాలేదు. ఆమె కాసేపు గేజీ వైపు చూసి, "యంత్రం పగిలిందో, మీ ఇద్దరినీ దాతలకు పంపేస్తాను" అని వెళ్లిపోయింది. గుమ్మం దాటాక నవ్వింది, విన్నాను.

ఆ రోజూ ఆదివారం మధ్యాహ్నమూ కాక పనిలోనే ఉన్నాడు. లేత్ మిషన్ ఆయనను బతిమాలి గేజీ మూతికి, జీపు ఆయిల్ గొట్టానికి మధ్య ఇమిడే ఇత్తడి ముక్క చేయించాడు. జీపులో పాత మీటరు చిల్లు చిన్నది, ఈ గేజీ అందులో పట్టదు. అందుకని నేను కూర్చునే ఎడమ వైపు చెక్క పలక బిగించి దాని మీద కూర్చోబెట్టాడు. ఇంజను నడుస్తుంటే ఇరవై పౌండ్లకు తగ్గకూడదని, అది మన గేజీ మీద నలభై ఐదు, నలభై ఆరు అడుగులని తేల్చాం. అక్కడ గీత పెట్టడానికి ఎర్ర రంగు లేదు. కాక మొహమాటపడుతూ, "నీ బొట్టు సీస ఉన్నదా బిడ్డా?" అన్నాడు. నా తిలకం సీసాలో పుల్ల ముంచి, ఊపిరి బిగబట్టి, నలభై ఐదు మీద సన్నటి గీత గీశాడు ఆ చర్చి పెద్ద. ఆ తర్వాత అద్దం బిగించాడు.

"ముల్లు నీ దిక్కున్నది. నా కన్ను రోడ్డు మీద, నీ కన్ను దీని మీద. గీత దగ్గరికొస్తే నోరు తెరువాలె. నాకెందుకని ఊకుంటే ఇద్దరం మునుగుతం."

సోమవారం జీపు కదిలింది. దారిలో పడ్డాక ముల్లు ఎనభై దగ్గర నిలబడింది. నేను ఇంజనుకు నర్సునయ్యాను.

వానలు మొదలయ్యాక ఒకరోజు మొగుడంపల్లి దారిలో పోతున్నాం. ఎర్రమట్టి జారుతోంది, జీపు ఊగుతోంది. ముల్లు డెబ్బైకి దిగింది. కుదుపులకేమో అనుకున్నాను. అరవై. కాక చెమటలు కక్కుతూ బురదలోంచి చక్రాలు లాగుతున్నాడు, ఇప్పుడు ఆపమంటే మళ్లీ కదలదు. నేను పొరబడి ఉంటే? అప్పుడు నా చెయ్యి దానంతట అదే లేచి గేజీని రెండుసార్లు తట్టింది. ముల్లు ఎగరలేదు, ఇంకా దిగింది.

"కాకా, ముల్లు గీత దిగింది!"

"చూసినవా..."

"చూసిన! నలభై!"

ఆయన రెండో సగం అడగనే లేదు. తాళం తిప్పేశాడు. ఇంజను ఆగింది. దిగి బానెట్ ఎత్తితే, ఆయిల్ గొట్టం నట్టు ఒకటి వదులై సన్నటి ధారగా ఎర్రమట్టి మీద కారుతోంది. కాక నట్టు బిగించి, డబ్బాలో ఉన్న ఆయిల్ పోసి, కాసేపు ఆగి తాళం తిప్పాడు. జీపును బురద నుంచి తోయడానికి పొలాల్లో ఉన్న నలుగురొచ్చారు. దారిలో పడ్డాక ముల్లు నెమ్మదిగా ఎక్కి ఎనభై దగ్గర నిలబడింది.

చాలా దూరం పోయాక నాకు లెక్క తట్టింది. గేజీ తోమిన శనివారం నేను 'చూసిన' అని అబద్ధమాడి ఉంటే, గీత ఇరవై మీద పెట్టి, ఈ నలభైని నలభై పౌండ్లని నమ్మేవాళ్లం. నలభై పౌండ్లంటే దివ్యమైన ఒత్తిడి. ఇద్దరం హాయిగా కబుర్లు చెప్పుకుంటూ ఇంజను కాల్చుకునేవాళ్లం, జీపు అమ్ముడుపోయేది, ఆ ఊళ్లు మా ముఖం మళ్లీ చూసేవి కావు. నా పరువు కోసం. కాకకు చెబితే, "గట్ల కాలేదు కద, ఫికర్ ఎందుకు" అని రొట్టె మూట నా ఒళ్లో పెట్టాడు. ఆ తర్వాత ఎనిమిదేళ్లు ఆ జీపు అదే ఇంజనుతో ఊళ్లు తిరిగింది. ఎందరు పసివాళ్లు దాని వెనక సీటులో కళ్లు తెరిచారో!

ఎనభైల్లో కాక పని మానేశాక, ఒకరోజు తల తిరుగుతోందని దవాఖానకు వచ్చాడు. అదే యంత్రంతో చూశాను. నూట తొంభై దాటింది. ఆయన ముఖం చూస్తే చెప్పబుద్ధి కాలేదు. "జర ఎక్కువున్నది కాకా, అంతే" అన్నాను. ఆయన నా కళ్లలోకి చూశాడు. అడగాల్సిన ప్రశ్న అడగలేదు, గోటితో బల్ల మీద రెండుసార్లు తట్టాడంతే. నాకు సిగ్గేసింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "గీత ఎంత దాటిన్నో చెప్పినవు కద, ఇగ నట్టు బిగిచ్చుకుంట" అన్నాడు. గోలీ మింగిన ప్రతి రోజూ గోడ క్యాలెండరు మీద గీత పెట్టుకునేవాడు. అలాంటి క్యాలెండర్లు చాలా మార్చాడు. జీపును పాత ఇనుముకు పంపే రోజు తనే వచ్చి గేజీ విప్పి, తన ఖాకీ చొక్కాకు తుడిచి నా చేతిలో పెట్టాడు.

నా కింద పనిచేసిన నర్సులెందరికో ఈ గేజీ చూపించాను. తప్పు చేసి వణికిపోతూ నిలబడ్డ పిల్లలకు నేను తిట్లకంటే ముందు ఆ బోసి జాగా చూపించేదాన్ని. వాళ్లలో చాలామంది నాకంటే తొందరగా నిజం చెప్పారు.

ఈ రోజు లక్ష్మి తోమిన బిందెలు ఎండలో బోర్లించి, చేతులు తుడుచుకుంటూ కిటికీ దగ్గరికి వచ్చింది. ఆరేళ్లలో మొదటిసారి వేలు పెట్టి చూపించి అడిగింది.

"గీడ ఏం రాసి ఉండెనమ్మా? ఇంగ్లీషుల అడుగులు అనా?"

అవునని నోటిదాకా వచ్చింది. దాదాపు యాభై ఏళ్లుగా అదే అనుకుంటున్నాను కదా. చెయ్యి గేజీ అద్దం మీదికి పోయింది. రెండుసార్లు తట్టాను. ముల్లు సున్నా మీదే ఉంది.

"నేను చూడలేదు లక్ష్మీ" అన్నాను. "కొలిచి తెలుసుకున్నం."